కొత్త స్కేట్లకు నిమ్మకాయ

కొత్త దేశంలో దిగిన మొదటి రెండేళ్లూ మనిషికి తెలియని విషయం ఉండదు. ఆ తరవాతే ఒక్కొక్కటీ తెలియడం మొదలవుతుంది. ఆక్లండ్ వచ్చిన ఆ రోజుల్లో నేను సరిగ్గా ఆ మొదటి దశలో ఉన్నాను. చేతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉంది, నోట్లో నాలుక ఉంది, ఉద్యోగం మాత్రం లేదు. మౌంట్ రాస్కిల్లో మాది రెండు గదుల ఫ్లాట్. మా ఆయన పొద్దున్నే ఆఫీసుకి పోతే సాయంత్రం దాకా గోడలతో వాదించలేక, బస్సు దూరంలో ఉన్న ఐస్ రింక్‌లో మనిషి కావాలంటే వెళ్లి చేరిపోయాను. మంచు మీద జారడానికి వచ్చేవాళ్లకి స్కేట్లు అద్దెకిచ్చే కౌంటర్ నాది. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మకి స్పోర్ట్స్ డిపార్ట్‌మెంట్ అని చెప్పాను. అబద్ధమైతే కాదు.)

అక్కడ నాకు పని నేర్పింది డెబ్బై ఏళ్ల కివీ ముసలాయన. స్కేట్లకి పదును పెట్టేదీ, మంచు చదును చేసే బండి నడిపేదీ ఆయనే. నేను మనసులో తాత అనుకునేదాన్ని. తాతకి దేవుడి మీద పెద్దగా నమ్మకం లేదు గానీ, బ్లేడు సిమెంటు నేలని తాకకూడదన్న దాని మీద మాత్రం ప్రాణం పెట్టేవాడు. అందుకే రింక్ నిండా నల్ల రబ్బరు మ్యాట్లు పరిచి ఉండేవి. మ్యాట్ దిగినవాళ్లని కసరడం నా డ్యూటీ. జీతం ఇవ్వకపోయినా సంతోషంగా చేసేదాన్ని. తీరిక దొరికినప్పుడు పదును పెట్టడం కూడా నేర్పాడు. స్కేటు బ్లేడంటే కత్తిపీటలా ఒకే అంచు కాదు. మధ్యలో సన్నటి గాడి, దానికి అటూ ఇటూ రెండు అంచులు. అవి మొద్దుబారాయా, మలుపు తిరగబోయిన మనిషి ముందు తానే తిరిగి పడతాడు.

ఆ చలికాలం మా రింక్ జట్టులో ఆడడానికి కెనడా నుంచి ఒక ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆటగాడు వచ్చాడు. అక్కడ ఎండాకాలం అయితే మనకిక్కడ చలికాలం కదా, ఖాళీగా ఉండకుండా ఇలా వస్తారట. అందరూ అతన్ని మూస్ అని పిలిచేవారు. వాళ్ల అడవుల్లో గుర్రమంత ఎత్తు జింక ఒకటుంటుందట, దాని పేరు. ప్రొఫెషనల్ అనగానే నేను మన క్రికెటర్లని ఊహించుకుని, నల్లకళ్లద్దాలూ వెనకాల ఇద్దరు సహాయకులూ వస్తారనుకున్నాను. వచ్చినవాడికి రెండు సంచులున్నాయి, ముందు పళ్లు మూడు లేవు. ఎనిమిదేళ్లలో ఆరు ఊళ్ల జట్లు మారాడట, పన్నెండు గంటల బస్సు ప్రయాణాలు చేసి దిగి నేరుగా ఆడేవాడట. ఇక్కడ విమానం టికెట్టు, ఉండడానికి గది ఇచ్చి, మధ్యాహ్నాలు పిల్లలకి ఆట నేర్పమన్నారు. రోజూ బ్రెడ్డూ డబ్బా చిక్కుడుగింజలే తింటుంటే చూడలేక ఒకరోజు పప్పన్నం తీసుకెళ్లాను. (వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషే. నా జ్ఞాపకంలో మాత్రం అందరూ తెలుగే మాట్లాడతారు.)

"ఇందులో మాంసం ఎక్కడుంది బాస్?"

"లేదు. నోరు మూసుకుని తిను."

"నోరు మూసుకుని ఎలా తింటారు?" అంటూనే డబ్బా ఊడ్చేశాడు.

సీజన్ చివరికొచ్చింది. ఆఖరి మ్యాచ్ చూడడానికి జర్మనీ నుంచి ఒక క్లబ్ మనిషి వస్తున్నాడని తెలిసింది. నచ్చితే మూస్‌కి అక్కడ కాంట్రాక్టు. నచ్చకపోతే ఏమిటని అడిగాను. "మా నాన్న ఇళ్లకి పైకప్పులు వేస్తాడు బాస్. నాకూ ఒక నిచ్చెన సిద్ధంగా ఉంది. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాక ఈ ఆటలో ఇంకెవరూ ఫోన్ చెయ్యరు" అని నవ్వాడు. పళ్లు లేని నవ్వు ఎంత నవ్వినా కొంచెం దిగులుగానే కనిపిస్తుంది. దానికి తోడు నాలుగు మ్యాచ్‌లుగా అతను కొట్టిన ప్రతి బంతీ (బంతి కాదు, నల్ల రబ్బరు బిళ్ల) గోలు స్తంభానికి తగిలి వెనక్కొస్తోంది. సరిగ్గా అప్పుడే కెనడా నుంచి కొత్త స్కేట్లు వచ్చాయి. తాత పదును పెట్టాడు, ఇతను మూడు రోజులు ప్రాక్టీసులో తొడిగేశాడు కూడా. నాకు విషయం బోధపడింది.

"దిష్టండీ. పైగా కొత్త స్కేట్లు. నిమ్మకాయ తొక్కించకుండా వాడేశాడు" అన్నాను ఆ సాయంత్రం మా ఆయనతో.

"అవి స్కేట్లే. కారు కాదు."

"కాళ్ల కింద ఉండి మనిషిని మోసేదేదైనా వాహనమే."

"నువ్వు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివావు."

"చదివాను కాబట్టే చెప్తున్నా. మన సెకండ్‌హ్యాండ్ కారుకి నాలుగు నిమ్మకాయలు ఎవరు పెట్టారు, నేనా?"

ఆయన టీవీ సౌండ్ పెంచారు. మా ఇంట్లో దాన్ని ఓటమి ఒప్పుకోవడం అంటారు.

మూస్ ఒప్పుకోడేమోనని వాదనలన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. అవసరమే పడలేదు. "మా గోల్‌కీపర్ ఆటకి ముందు గోలు స్తంభాలతో మాట్లాడతాడు. నేను ఎడమ సాక్సు ముందు వేసుకోకపోతే ఇంటికెళ్లిపోతాను. నిమ్మకాయ అంటే చాలా పద్ధతిగా ఉంది" అన్నాడు. శనివారం మ్యాచ్‌కి ముందు రెండు నిమ్మకాయలకి కుంకుమ పెట్టి తెచ్చాను. రబ్బరు మ్యాట్ మీద పెడితే మెత్తగా ఉండి కాయ నలగదు, పైగా కుంకుమ రసం మరకలు చూస్తే తాత నన్ను నలిపేస్తాడు. అందుకని డ్రెస్సింగ్ రూమ్ వెనక, మ్యాట్ అయిపోయిన చోట పెట్టాను, సిమెంటు మీద. ఏడాదిగా జనాన్ని ఏ సిమెంటు మీద అడుగు పెట్టొద్దని అరిచానో ఆ సిమెంటే. మూస్ తొంభై అయిదు కిలోలతో అడుగు వేశాడు. కాయలు రెండూ చెక్కలుగా తెగాయి, కింద కర్రుమని శబ్దం వచ్చింది. ఎంత చక్కగా తెగాయో, శుభం అనుకున్నాను.

ఆట మొదలైంది. మొదటి మలుపులోనే మూస్ కాలు జారి చెక్కగోడకి కొట్టుకున్నాడు. రెండోసారి ఎవరూ తాకకుండానే పడ్డాడు. మూడోసారి పడ్డప్పుడు జర్మనీ ఆయన రాసుకుంటున్న పుస్తకం మూసి కాఫీ తాగడం మొదలుపెట్టాడు. మొదటి భాగం అయిపోయి పావుగంట విరామం ఇచ్చారు. తాత మూస్ బ్లేడు మీద గోరు గీసి చూశాడు. పదునుంటే గోరు మీద గీత పడాలి, చిన్నది కూడా పడలేదు.

"సిమెంటు మీద నడిచాడు. ఎవరు నడిపించారు?"

నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు. మూస్ నా వంక చూడనైనా చూడలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగిన తరవాత నేను తప్పు నాదని అన్న సందర్భం అప్పటికి లేదు. (మా ఆయన్ని అడగండి, లెక్క ఆయన దగ్గరుంది.)

"నేనే. నిమ్మకాయల కోసం" అన్నాను.

తాత నిమ్మకాయల సంగతి అడగలేదు. "నేను వెళ్లి మంచు చదును చెయ్యాలి. బండి నడిపేవాడు నేనొక్కణ్ణే. పాడు చేసినదానివి నువ్వే బాగు చెయ్యి" అని వెళ్లిపోయాడు.

పదును పెట్టే మిషన్ ముందు నిలబడ్డాను. చున్నీ నడుముకి బిగించాను. మూస్ సాక్సులతో వచ్చి పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"ఇంతవరకూ ఎన్నింటికి పదును పెట్టావు బాస్?"

"వందలు."

"ఎవరివి?"

"పుట్టినరోజు పార్టీలకి వచ్చే పిల్లలవి."

"వాళ్లు పడేవారా?"

"పడేవారు. కానీ వాళ్లు ఎలాగైనా పడతారు."

అతను పెద్దగా నవ్వాడు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, అది నాకు అలవాటే. నవ్వేసరికి పని చేయక తప్పలేదు. బ్లేడు చక్రానికి ఆనించి, ఊపిరి బిగపట్టి, మడమ నుంచి వేళ్ల దాకా ఒకే వేగంతో లాగాను. నిప్పురవ్వలు చున్నీ మీద పడుతున్నాయి. రెండు అంచుల మీదా ఒక నాణెం అడ్డంగా పెట్టి చూస్తే అది ఒక పక్కకి వాలింది, అంచులు సమంగా రాలేదు. మళ్లీ లాగాను. మళ్లీ. రెండో స్కేటు అయ్యేసరికి బయట బూర మోగింది. మూస్ గోరు గీసి చూసుకుని, పడిన గీతని నాకు చూపించి, లేసులు బిగించుకుని పరిగెత్తాడు, మ్యాట్ మీదుగానే.

రెండో భాగంలో ఆ మొదటి మలుపు చూడలేక కళ్లు మూసుకున్నాను. జనం అరిచారు. కళ్లు తెరిస్తే మూస్ నిలబడే ఉన్నాడు, అవతలి జట్టువాడు కింద ఉన్నాడు. ఒక గోలు కొట్టాడు, ఇంకొకటి కొట్టించాడు. అయినా మా జట్టు ఒక గోలు తేడాతో ఓడిపోయింది. (దిష్టి నిజంగా ఉండేదని అప్పుడు మా ఆయనతో వాదించాను. ఇప్పటికీ వాదించగలను.) జర్మనీ ఆయన కాఫీ చల్లారబెట్టుకుని మళ్లీ పుస్తకం తెరిచాడు. నెల తిరక్కుండా మూస్ అక్కడికి వెళ్లిపోయాడు.

నాలుగేళ్లు ఆడాడు, రెండో తరగతి జట్టులో, బీరు తయారుచేసే ఒక చిన్న ఊళ్లో. తరవాత మోకాళ్లు పోయాయి. ఇప్పుడు తండ్రి నిచ్చెనే ఎక్కుతున్నాడు. కొత్త పళ్లు కట్టించుకుని పైకప్పు మీద నిలబడిన ఫోటో ఒకటి ఈమధ్య పంపాడు. "ఆ నాలుగేళ్లూ నాకు ఎక్స్‌ట్రా టైమ్ బాస్" అని రాశాడు.

ఇప్పుడు మేం హామిల్టన్‌లో ఉంటున్నాం. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. ఘర్షణ పాఠం ఏటా వస్తుంది, ఏటా సూత్రాలన్నీ తప్పులేకుండా చెబుతాను. ఇంట్లో బల్బు మార్చాలన్నా ముందు రెండు వీడియోలు చూసి, నిచ్చెన మా ఆయన్ని పట్టుకోమని, చివరికి ఆయన్నే ఎక్కమంటాను. ఎప్పుడైనా అలా కింద నిలబడి సలహాలిస్తున్నప్పుడు, ఒక మనిషి భవిష్యత్తుని తిరిగే చక్రానికి ఆనించి నిలబడిన ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల గుర్తొస్తుంది. ఆ పిల్లకి ఏమీ తెలియదు. నేను పక్కనుండి ఉంటే, ముట్టుకోకు అని తప్పకుండా అనేదాన్ని. నా మాట అది వినేది కాదు, అదొక్కటే మేలు.