కొత్తూరు కల్వర్టు

చెవిలో ముందు ఒక సన్నటి కూత వినిపిస్తుంది. వెంటనే నా ఎదుట తెర మీద పటం తెరుచుకుని, ఏదో రోడ్డు మీద ఎర్ర చుక్క ఒకటి నిలబడుతుంది. మనిషి గొంతు ఇంకా రాదు. ఎక్కడో ఒక కారు గుద్దుకుంది. అందులో ఎయిర్‌బ్యాగు తెరుచుకోగానే, లోపల ఉన్న చిన్న పెట్టె ఎవరూ తాకకుండానే తన సొంత సిమ్ముతో మాకు ఫోను చేసింది. ఆ పెట్టె ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు తెలుసుకుంటుంది. ఆ చోటు, కారు ఎటువైపు పోతోంది, ఏ రకం బండి, ఎంతమంది సీటు బెల్టు పెట్టుకున్నారు అన్న నాలుగు ముక్కలు ముందు పంపుతుంది. ఆ తర్వాతే మాట్లాడే దారి తెరుస్తుంది. లోపలి మనిషికి స్పృహ లేకపోయినా, నోట మాట రాకపోయినా, అంబులెన్సు ఎక్కడికి పోవాలో మాకు అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. హైదరాబాదులో ఈ కాల్స్ అందుకునే కేంద్రంలో కొత్తగా చేరే పిల్లలకు ఇదంతా నేర్పడం నా ఉద్యోగం.

ముందు చోటు, తర్వాత మాట. యంత్రంలో ఈ వరస మొదటిసారి చూసిన రోజు నాకది కొత్తగా అనిపించలేదు. ఎందుకంటే అదే వరస చాలా ఏళ్ల కింద, కర్నూలు పక్క కల్లూరులో, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, పడిన బండ్లు ఎత్తే క్రేన్ షెడ్డు నడిపే ఖాదర్ సాబ్ నాకు నేర్పాడు. నేను నేర్చుకోలేదు.

అప్పట్లో సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ రాలేదు. అంబులెన్సు నంబరు జిల్లాకు కొత్త. ఆలూరు రోడ్డు పొడవునా కిలోమీటరు రాళ్ల మీదా, కల్వర్టు గోడల మీదా నల్ల రంగుతో 'క్రేన్ ఖాదర్' అని, కింద మా షెడ్డు నంబరు రాసి ఉండేవి. బండి పడితే ఊళ్లవాళ్లు ముందు మాకే చేసేవాళ్లు. డిగ్రీ పాసై ఖాళీగా ఉన్న నన్ను సాబ్ ఆ ఫోను దగ్గర కూర్చోబెట్టాడు. పొట్టి మనిషి, నెరిసిన గడ్డం. ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు.

మొదటిరోజే చెప్పాడు. "బేటీ, బండి పడిందని ఫోన్ చేసేటోడు భయంలో ఉంటాడు. ఏమైందని అడగొద్దు. యాడ అని అడుగు. లైను సరిగ్గా అదే యాళకు తెగిపోతాది. చోటు తెలిస్తే మిగతాది మనం పోయి చూసుకుంటాం."

"సరే సాబ్."

"అయిపోలా. వాళ్లు చెప్పిన పేరు నువ్వు మళ్లా చెప్పు. ఔనన్న తర్వాతే పెట్టు. కష్టంలో ఉన్నోని మాట మనకు ఒకసారికి అర్థం కాదు."

ఇంత మాత్రానికి పాఠం కావాలా అనుకున్నాను లోపల. మా నాన్న కర్నూలులో గుమాస్తా. రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడటం నేర్చుకున్నానని నాకు గర్వం. ఆలూరు వైపు పడమటి ఊళ్లవాళ్లు కన్నడం కలిపి మాట్లాడుతుంటే నాకు నవ్వొచ్చేది. ఫోను పెట్టాక వాళ్లను అనుకరించేదాన్ని. ఒకసారి సాబ్ విన్నాడు. "వాళ్లు మనకు అన్నం పెట్టేటోళ్లు బేటీ" అని మాత్రం అని, జీపు కిందికి దూరిపోయాడు.

ఆ మధ్యాహ్నం నా కాలేజీ స్నేహితురాలు షెడ్డుకు వచ్చింది. పెళ్లిపత్రిక ఇచ్చి కబుర్లు చెబుతోంది. ఫోను మోగింది.

"అమా, ఈడ కారు పల్టీ కొట్టిండాది. కొత్తూరు కల్వర్టు కాడ. మనిషి లోపల ఇరుక్కోనుండాడు. బిర్నా రాండమా, బిర్నా!" తొందరగా రమ్మని ఎవరో రొప్పుతూ అరుస్తున్నాడు. ఏ రోడ్డు పక్క బంకు ఫోనో, వెనక గొర్రెల అరుపులు.

నేను రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి, స్నేహితురాలి వైపు తిరిగి "బిర్నా రాండమా" అన్నాను, అచ్చం అతనిలాగే. ఇద్దరం నవ్వుకున్నాం. చెయ్యి తీసేసరికి అతను ఇంకా ఏదో చెబుతున్నాడు. "సరే సరే, వస్తారు" అని పెట్టేశాను. కాగితం మీద 'కొత్త కల్వర్టు' అని రాశాను. కల్లూరు పొలిమేరలో ఆ ఏడే కట్టిన కల్వర్టు ఒకటి ఉండేది. కొత్తూరు దానికి ఇరవై కిలోమీటర్ల అవతల. అంబులెన్సుకూ అదే పేరు చెప్పాను. సాబ్ క్రేన్ తీసుకుని పరుగున పోయాడు.

అరగంటకు తిరిగి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. "ఆడ ఏమీ లేదు. అంబులెన్సోళ్లు కూడా చూసి ఎల్లిపోయినారు. ఏం చెప్పినాడు బేటీ?"

"కొత్త కల్వర్టు అనే చెప్పాడు సాబ్. రెండుసార్లు అడిగాను."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం. అంతలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి సాబే తీశాడు. అవతలి అరుపు నాకూ వినిపిస్తోంది. "కొత్తూరు, కొత్తూరు అని మూడుసార్లు చెప్తి కదా సామీ! ఆ యమ్మ అడగనే లేదు, పెట్టేసె!" సాబ్ "కొత్తూరు కల్వర్టు. వస్తాండా" అని ఫోను పెట్టి, నా వైపు ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపమే ఉంటే బాగుండేది. మళ్లీ క్రేన్ ఎక్కాడు.

కారులో ఉన్నది ఆలూరులో బట్టల కొట్టు నడిపే శెట్టిగారు. క్రేన్ వచ్చి కారు ఎత్తేదాకా ఆయన కుడికాలు ఇంజను కింద నలుగుతూనే ఉంది. ప్రాణం దక్కింది. కాలు మోకాలి పైదాకా తీసేశారు.

వారం తర్వాత ఆయన తమ్ముడు షెడ్డుకు వచ్చాడు. "గొర్రెలోడు సరిగ్గానే చెప్పినాడంట. తప్పు చోటికి పోయింది ఎవురప్పా? ఎవురి తప్పు ఇది?" అని నిలబడి అరిచాడు. నేను బల్ల వెనక ఉన్నాను.

"నాదేనప్పా" అన్నాడు సాబ్. "పాప సరిగ్గానే చెప్పింది. నాకు ఈ మధ్య చెవులు సరిగా ఇనపడవు. కొత్త కల్వర్టు అని ఇన్నా, అంబులెన్సుకూ అదే చెప్పినా."

అతను సాబ్ చొక్కా పట్టుకుని ఊపాడు. "చెవుడు పెట్టుకోని ఈ పనెందుకు నీకు?" అన్నాడు. సాబ్ తల వంచుకుని నిలబడ్డాడు. నేను లేచి ఒక్క మాట చెప్పాల్సింది. నోరు తెరవలేదు. అతను పోయాక కూడా తెరవలేదు. సాబ్ చొక్కా సర్దుకుని, తెగిన గుండీ కోసం కాసేపు నేల మీద వెతికి, "చాయ్ తాగుతావా బేటీ?" అని అడిగాడు.

ఆ తర్వాత నాలుగు నెలలున్నాను అక్కడ. ఫోను వస్తే పేరు రెండుసార్లు చెప్పించుకునేదాన్ని, ఔనన్నాకే పెట్టేదాన్ని. సాబ్ వింటూ తల ఊపేవాడు. ఆలూరు వైపు నుంచి ఫోన్లు తగ్గిపోయాయని నాకు తెలుసు. ఎందుకని ఆయనా అనలేదు, నేనూ అడగలేదు. హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్తున్నానంటే ఒక ఉత్తరం రాయించి ఇచ్చాడు. 'ఫోను దగ్గర చాలా నమ్మకమైన మనిషి' అని ఉంది అందులో. కింద ఆయన ఉర్దూ సంతకం. ఆ ఉత్తరం చూసే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చారు.

నిజం చెప్పాలని ప్రతి ఏడూ అనుకున్నాను. పండక్కి సాబ్‌కు ఫోను చేసి, క్షేమం అడిగి, పెట్టేసేదాన్ని. మూడేళ్ల కింద ఆయన పోయాడని ఆయన కూతురు చెప్పింది. "కడదాకా చెవులు బాగానే ఉండె. చీమ నడిచినా ఇనేటోడు" అంది, ఏదో మాటల్లో మామూలుగా.

పోయిన ఎండాకాలం ఆలూరు వెళ్లాను. శెట్టిగారి కొట్టు వెతకనక్కర లేకపోయింది. చంకకర్ర పక్కన ఆనించుకుని పరుపు మీద కూర్చున్నారు. ఏం కావాలమ్మా అని అడిగారు. నిలబడే అంతా చెప్పాను. నవ్విన సంగతి కూడా. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. మడత విప్పిన చీరను నెమ్మదిగా మళ్లీ మడతపెట్టారు.

"ఆయప్ప ఆస్పత్రికి వచ్చినాడమ్మా" అన్నారు చివరికి. "నా చెవుల వల్ల నీ కాలు పోయిందని ఏడ్చినాడు. మా తమ్ముడు ఊరూరా చెప్పి, రాళ్ల మీద ఆయప్ప నంబరు సున్నం పూసి చెరిపించినాడు. నేనూ వద్దనలేదు." కర్ర అందుకున్నారు. "యాడ ఉండాడు ఇప్పుడు? తెలిసినాక ఊరికే ఉండకూడదు. పోయి చేతులు పట్టుకోవాల."

"లేరండీ. మూడేళ్లయింది."

కర్ర మళ్లీ గోడకు ఆనించారు. "మరి ఇన్నాళ్లూ నువ్వు..." అని ఆగిపోయారు. ఎవరో బేరానికి వచ్చారు. ఆయన అటు తిరిగారు, మళ్లీ నా వైపు చూడలేదు. కాసేపు నిలబడి, మెట్లు దిగి వచ్చేశాను.

ఆ ప్రశ్న ఆయన పూర్తి చేయలేదు. ఖాదర్ సాబ్ బతికి ఉండగా ఎందుకు చెప్పలేదనే ఆయన అడగబోయింది.