కన్సోల్ ముందు మా ఆపా

మొన్న శుక్రవారం పామిడిలో ఆపా కన్నుమూసిందని ఫోన్ వచ్చింది. ఎనభైల్లో అనంతపురంలో మా కంప్యూటర్ కేంద్రంలో ఆమె షిఫ్టుకు పెద్ద. ఉర్దూలో ఆపా అంటే అక్క; మా అందరికీ ఆపానే. నాకు పని నేర్పింది ఆమే.

మా మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ గదినిండా ఉండేది. దాన్ని ఆపితే మళ్లీ లేచేసరికి పూట గడిచిపోయేది, నడుస్తున్న పని మొదటికొచ్చేది. అందుకే ఏ పనికి ముందు వంతు, ఏది నిదానంగా నడవాలి అన్న అమరికలను మెషీన్ నడుస్తుండగానే కన్సోల్ మీద, అంటే దాన్ని నడిపే కీబోర్డు మీద, ఆదేశం కొట్టి మార్చేవాళ్లం. కొత్తలో నాకు చేతి దురద ఎక్కువ. ఆపా స్కేలుతో నా వేళ్ల మీద తట్టేది.

“ఏమప్పా, మార్చేది ఎవురైనా మారుస్తారు. మళ్లా మునుపటి మాదిరి చేసేది ఎట్లో చెప్పు ముందు.”

వెనక్కి తెచ్చే ఆదేశం పైకి అప్పజెప్పందే మార్చే ఆదేశం కొట్టనిచ్చేది కాదు. ఏం చాదస్తమని లోపల విసుక్కునేవాణ్ణి. తిట్టినాక మాత్రం తన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చేది.

ఒక కరువు ఏడు, ఎండాకాలం. పొద్దున్నుంచి కాలేజీ పరీక్షల ఫలితాలు మెషీన్‌లో నడుస్తున్నాయి. ఆపా చెల్లెలూ ఆ పరీక్ష రాసింది. ఈసారీ తప్పితే చదువు మానిపించి కుట్టుమిషన్ ముందు కూర్చోబెడతామని ఇంట్లో ఖరాఖండిగా చెప్పారట. ఆ పిల్ల మా మెట్ల మీదే కాచుకుని కూర్చుంది. అంతలో కలెక్టరాఫీసు జీపు వచ్చింది. ముదిగుబ్బ వైపు బోర్లు ఎండిపోయాయి, ఏ నీళ్ల ట్యాంకరు ఏ ఊరికి పోవాలో జాబితా వెంటనే కావాలన్నారు.

ఆపా తలుపు దగ్గరికి పోయింది. “నీ మార్కులు యాడికీ పోవు. ఆడ బిందెలు ఖాళీగా ఉండాయి. రోంతసేపు కూర్చో.”

“ఆపా, నాకు భయమైతాంది.”

“నాకూ అయితాంది. కూర్చో.”

లోపలికొచ్చి, వెనక్కి తెచ్చే ఆదేశం నాకు వినబడేలా చెప్పి, ఫలితాలను వెనక్కి నెట్టి నీళ్ల జాబితాకు ముందు వంతు ఇచ్చింది. ఏదీ ఆగలేదు. జాబితా అచ్చయి జీపు కదలగానే, గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా, అమరికలన్నీ మునుపటిలా చేసింది.

సాయంత్రానికి ఫలితాలు అచ్చయ్యాయి. పాసైనవాళ్ల నంబర్లలో ఆ పిల్లది లేదు. ఆపా మళ్లీ మళ్లీ వెతికింది. కాగితం నా చేతికిచ్చి బయటికి నడిచింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆపా తన పైట చెంగును చెల్లెలి తల మీదికి లాగింది. ఎదురుగా రోడ్డు మీద ట్యాంకర్లు ఒకదాని వెనక ఒకటి ముదిగుబ్బ వైపు పోతున్నాయి, మూతల్లోంచి తొణికిన నీళ్లు దుమ్ములో చారలు గీస్తూ.