నాకా దాటిన వెలుగు

సైన్స్ డే ఫోటోలకు చీటీలు అంటించే పని గట్టయ్యకే పడింది. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ల్యాబ్ అటెండర్. ఇలాంటి పనులన్నీ అతని దగ్గరికే వస్తాయి. ఏడో ఫోటో దగ్గర చెయ్యి ఆగింది. అది తను తీసిన గులాబీ నెబ్యులా, చుక్కల మధ్య పువ్వులా పరుచుకున్న వాయుమేఘం. దాని చీటీ మీద ‘ఇంటర్నెట్ నుంచి సేకరణ’ అని ఉంది.

చీటీ పట్టుకుని రమాదేవి మేడం గదికి వెళ్ళాడు. ఎగ్జిబిషన్ బాధ్యత ఆమెదే.

“ఇది నేను తీసింది మేడం. మా డాబా మీదికెళ్ళి.”

“ఎక్కడ?”

“తార్నాకల.”

కర్నూలు పక్క పల్లెలో పాలపుంత చూస్తూ పెరిగిన మనిషి ఆమె. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. “తార్నాకలో ఆ సిటీ లైట్ల మధ్య నాకు చుక్కలే సరిగ్గా కనపడవు గట్టయ్యా. పిల్లోళ్ళ ముందర అబద్ధం రాస్తే ఎట్లా?”

“తార్ అంటే తీగ అన్నా, తార గాదు,” అన్నాడు పక్క టేబుల్ దగ్గర క్లర్కు దిలీప్, ఫైలు మీంచి తలెత్తకుండా. “ఎనకట గాడ తీగ అడ్డం కట్టి బండ్లను ఆపే నాకా ఉండెనట.”

గట్టయ్య నవ్వలేదు. అబద్ధం అన్న మాట గుచ్చుకుంది. “ఇయ్యాల ఏడింటికి మా ఇంటికి రండి మేడం. చూసినంక మీరు ఏది రాస్తే అదే అంటిస్త.”

సాయంత్రం బౌద్ధనగర్‌లో తన ఇంటికి వెళ్తూ రమాదేవి దారిలో అక్కడ ఆగింది. గట్టయ్య భార్య వాసంతి డాబా మీద కుర్చీ తుడిచి వేసి చాయ్ తెచ్చింది. ఎదురుగా పెళ్ళి లైట్లతో ఫంక్షన్ హాల్, అవతల మెట్రో స్టేషన్. పైన ఆకాశం కప్పులో చాయ్ రంగులోనే ఉంది.

“ఆ లైట్లు అయిదు నిమిషాలు ఆర్పమంటేనో?” అంది రమాదేవి.

“పెండ్లి మేడం. ఉండనియ్యండి.”

రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్ద గాజుబిళ్ళను కెమెరా ముందు బిగించాడు. “దిలీప్ చెప్పిన నాకా గిదే. వీధిలైటు వస్తే ఆపుతది. పెండ్లి లైటు వస్తే ఆపుతది. గా మేఘంల హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర వెలుగునే పోనిస్తది.”

అయిదు నిమిషాలకు లాప్‌టాప్ మీద మసక బూడిదరంగులో ఒక గుండ్రటి పువ్వు తేలింది. రమాదేవి తల పైకెత్తి చూసింది. ఆకాశంలో అక్కడ ఏమీ లేదు. మళ్ళీ తెర చూసింది.

“రంగేదీ?”

“కెమెరాకు నలుపు తెలుపే మేడం. ఎరుపు నేను తర్వాత ఇచ్చిన. గోడ మీదిది పదకొండు సాయంత్రాల పని.”

అతను నోటుబుక్కు ఇచ్చాడు. ల్యాబ్ రికార్డులాగే గీతలు కొట్టి, ప్రతి ఫ్రేమూ రాసి ఉంది. ‘ఫంక్షన్ హాల్ ఫోకస్ లైటు, మూడు వేస్టు.’ ‘వాసంతి బట్టలు ఆరేయవచ్చింది, డాబా ఊగింది, ఒకటి వేస్టు.’

“చెడినవి గూడా రాశావే.”

“చెడింది రాయకుంటే మంచి రీడింగును గూడ నమ్మొద్దని పిల్లలకు మీరే చెప్తరు గద.”

ఆమె మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. చాయ్ చల్లారిపోయింది.

మర్నాడు ఏడో చీటీ ఆమె చేతిరాతతో వచ్చింది: ‘ఫోటో: గట్టయ్య. తార్నాక, సొంత డాబా.’ అతను దాన్ని ఒక్క ముడత లేకుండా అంటించాడు.

మధ్యాహ్నం హాల్లో కుర్చీలు సర్దుతుంటే ఎమ్మెస్సీ అమ్మాయి హారిక ఆ ఫోటో ముందు నుంచి పిలిచింది.

“అంకుల్, గట్టయ్య సార్‌ది ఏ డిపార్ట్‌మెంట్?”

రెండు చేతుల్లో కుర్చీలతోనే నిలబడ్డాడు.

“గీ డిపార్ట్‌మెంటే బిడ్డా. నేనే.”