గివ్ బ్యాక్ బంగారయ్యగారు

బంగారయ్యగారి చేతికి మీ వస్తువేదైనా చిక్కిందంటే, ఇంగ్లీషులో అడిగితే తప్ప తిరిగి రాదు.

అల్లవరం దగ్గర మా ఊరి కాలవగట్టు మీద ఆయనది పంక్చర్ల కొట్టు. పదో తరగతి ఇంగ్లీషులోనే తప్పారు. యాభై దాటాక ఫోన్లో వీడియోలు చూసి ‘గివ్’ అనే ఒక్క మాటను పట్టుకున్నారు. అదొక్కటీ లొంగితే దాని తోకలన్నీ వాటంతటవే వస్తాయని ఆయన నమ్మకం.

“ట్యూబు గివ్ అప్ అయిపోయిందండి, అంటే చేతులెత్తేసింది. మనం మాత్రం గివ్ ఇన్ అవ్వకూడదండి, అంటే తలొంచకూడదు,” అంటూ ప్యాచీ వేసేవారు.

అంతవరకూ బాగానే ఉంది. మొన్న వేసవిలో లాక్కోవడం మొదలుపెట్టారు. ముందు నా కళ్ళజోడు పోయింది.

“ఇదేంటండీ బంగారయ్యగారూ!”

“తెలుగు వినపడదండి.”

“గివ్ బ్యాక్...”

“ప్లీజ్ ఏదండీ? గోదారోళ్ళం, మర్యాదుండొద్దా?”

“గివ్ బ్యాక్ మై కళ్ళజోడు, ప్లీజ్!”

“ఆయ్! తీసుకోండి.”

తర్వాత సర్పంచిగారి బండి తాళం. “నేను సర్పంచినయ్యా!” అని ఆయన గుడ్లురిమితే, “ఆయ్, అందుకే కాస్త గట్టిగా అనండి,” అన్నారు. పంతులుగారి గొడుగు సరిగ్గా వానలో లాక్కున్నారు. పాపం ఆయన తడుస్తూ, వేదం చదివే స్వరంలో గివ్ బ్యాక్ అన్నారు.

రోడ్డుకి అటుపక్క ఎండుచేపలమ్మే వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఒకరోజు ఆమె తక్కెడే లాక్కున్నారు.

“ఉంచేసుకోండి మావయ్యగారూ, ఇంకోటి తెచ్చుకుంటాను,” అంది.

“అలా అనకూడదమ్మా!” అని బంగారయ్యగారు గయ్యిమన్నారు. ఊరందరితో నవ్వే మనిషికి ఈమె మీదే ఎందుకంత కోపం? అడిగితే, “పంచరు పనుందండి,” అని తల దించేసుకున్నారు.

ఆ తర్వాత వీరవేణి ఇంటిపనికని గల్ఫ్ వెళ్ళింది. ఒక సాయంత్రం నేను కొట్లో ఉండగానే వీడియో కాల్ వచ్చింది.

“మావయ్యగారూ! నేను దిగంగానే మేడమ్ పాస్‌పోర్టు తీసేసుకుని బీరువాలో పెట్టేసేరండి.”

పాస్‌పోర్టు దాచేస్తే మనిషిని దాచేసినట్టే. డబ్బున్నవాళ్ళు చేస్తే దాన్ని దొంగతనమనరు, ‘భద్రత’ అంటారు. అలా ఇరుక్కుపోయిన ఆడవాళ్ళు మా చుట్టుపక్కల వీధికొకరున్నారు.

బంగారయ్యగారి చేతిలో ట్యూబు ఆగిపోయింది. “ఉంచేసుకోండి అన్నావా?”

“నోటిదాకా వచ్చిందండి. అంతలో పంతులుగారి గొడుగు గుర్తొచ్చి ఒకటే నవ్వండి. భయం పోయింది. ఆవిడికి ఇంగ్లీషొచ్చు కదా, గివ్ బ్యాక్ మై పాస్‌పోర్ట్ అనేసేనండి.”

తెర మీద పాస్‌పోర్టు జెండాలా ఊపింది.

నాకు అప్పుడు వెలిగింది. లాక్కోవడం మొదలైంది ఆమె వీసా మాట వచ్చిన వారంలోనే. ఆయన ఇంగ్లీషు నేర్పుతానంటే ‘నాకెందుకండీ, నవ్వుతారు’ అనే మనిషామె. అందుకే ఆమె నవ్వుతూనే నేర్చుకోవడానికి ఊరు ఊరంతటినీ విద్యార్థుల్ని చేశారాయన.

బంగారయ్యగారు గొంతు సవరించుకుని, మాస్టారి మొహం పెట్టారు.

“ప్లీజ్ అన్నావా మరి?”

“మొదటిసారి అన్నానండి. రెండోసారికి తీసేసేనండి.”