అత్తమ్మ పాతిపెట్టిన ముక్క

మా మిరప చేనుకు మల్చింగ్ షీట్, అదే కలుపు మొలవకుండా పరిచే ప్లాస్టిక్, తెచ్చింది నేనే. ఈ మాట ముందే ఒప్పుకోవడం మంచిది, లేకపోతే మా అత్తమ్మ మీకూ చెప్తుంది.

మా ఊరు ఖిలా వరంగల్ దాటి కొంత దూరం. పెళ్లై వచ్చిన ఏడాదే చూశాను, అత్తమ్మ పొద్దంతా గొంతుక్కూర్చుని కలుపు తీసి, సాయంత్రం గోడ పట్టుకుని లేచేది. ఇక గొంతుక్కూర్చోవద్దని హన్మకొండ దవాఖానలో డాక్టరు చెప్తే, ఆ మాట ఆటో ఎక్కేలోపే మరిచిపోయింది. నాకు కోపం ఎక్కువ. మా ఆయనతో పోట్లాడి షీట్ తెప్పించి బెడ్ల మీద పరిపించాను. పైన వెండి రంగు, కింద నలుపు. ఆ ఏడాది చేన్లో గడ్డి పరక మొలవలేదు. నా కోడలు తెచ్చిందని అత్తమ్మ ఊరంతా చెప్పుకుంది.

కోతలయ్యాక తెలిసింది అసలు సంగతి. ఎండకు పెళుసెక్కిన షీటు లాగితే అప్పడంలా విరిగింది. దొరికినంత ఏరాం. కొంత గట్టు మీద కాల్చారు, ఆ పొగకు నేను రెండు రోజులు దగ్గాను. మిగిలింది దున్నకంలో మట్టిలో కలిసింది. తొలి వానకు ముక్కలు పైకి తేలి చేనంతా తళతళలాడింది. అత్తమ్మ మళ్లీ గొంతుక్కూర్చుంది, ఈసారి ప్లాస్టిక్ ఏరడానికి.

"గడ్డైతే బర్రె తినేది. దీన్నెవలు తింటరు?" అంది.

కొరివితో తల గోక్కున్నది నేను, నొప్పి మాత్రం ఆమె మోకాళ్లకు. నిజంగా సిగ్గేసింది. ఆ షీటు మళ్లీ వేయలేదు. దాంతో కలుపూ తిరిగి వచ్చింది, ప్రతి వానకూ పాత ముక్కలు ఏరడమూ మిగిలింది.

రెండేళ్ల తర్వాత వరంగల్‌లో రైతుల శిక్షణకు వెళ్తే, మొక్కజొన్న పిండి కలిపి చేసిన షీట్ గురించి చెప్పారు. పంట ఉన్నన్నాళ్లు ఉండి, తర్వాత దున్నేస్తే మట్టిలో కలిసిపోతుందట. ధర ఎక్కువే. వేసి చూడమని నాలుగు బెడ్లకు సరిపడా నల్లటి చుట్ట ఇస్తే బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

"మొన్నటిది గూడ నువ్వే తెచ్చినవ్," అంది అత్తమ్మ. కాసేపు చుట్టను చేత్తో తడిమి చూసింది. "సరే, నాలుగు బెడ్లకు ఎయ్యి. మళ్ల వానలకు దీని ముక్క ఒక్కటి దొరికినా ఇగ మన చేన్ల ఏ షీటూ వద్దు. పానం ఉన్నన్ని రోజులు నేనే కలుపు తీస్త."

అన్నంత పనీ చేస్తుంది. ఆమె మోకాళ్ల బతుకు ఆ చుట్ట మీద ఆధారపడింది.

నా మాట మీద నమ్మకం లేక అరచేతంత ముక్క కోసుకుని, మోటరు పక్కన తనే పాతి, గుర్తుకు రాయి పెట్టింది. ప్రతి శుక్రవారం తవ్వి, వంట చేస్తున్న నా ముందుకు తెచ్చి ఆడించేది.

"ఇగో, గట్లనే ఉన్నది."

"జర ఓపిక పట్టు అత్తమ్మా. అదేమన్న ఐసుగడ్డనా?"

మూడు నెలలైనా ముక్క కొత్తగానే మెరుస్తోంది. పైకి వాదించాను కానీ లోపల గుబులు. ఆమెకు రెండోసారి కూడా అబద్ధమే చెప్పానా అని భయం. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు గిన్నెలు ఎత్తిపడేసేదాన్ని.

మిరపకాయ ఏరుతున్నప్పుడు ఒకరోజు, బెడ్డు అంచున మట్టి కప్పిన షీటు నా వేలు తగిలి పొట్టులా రాలింది. అదే చుట్ట, అదే మట్టి. మరి ఆమె ముక్కకు ఏమైంది? ఆ శుక్రవారం పొయ్యి ఆర్పేసి ఆమె వెనకే మోటరు దగ్గరికి వెళ్లాను. అత్తమ్మ రాయి జరిపి, మట్టి తవ్వి, రెండు ముళ్లు వేసిన పాలిథిన్ కవరు బయటికి తీసింది. ముళ్లు విప్పి అందులోంచి ముక్క తీసింది.

"కవర్ల ఎందుకు పెట్టినవ్ అత్తమ్మా?"

"మట్టిల పోతదేమోనని."

మా ఇంట్లో పోకూడనిది ఏదైనా కవర్లోనే ఉంటుంది. పట్టా పాసుబుక్కు, ఆధార్ కార్డు, చెవి కమ్మలు, ఆమె పింఛను కాగితం అన్నీ అంతే. దీన్నీ అంతే భద్రంగా దాచింది. నేను నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడ్డాను. ఆమె నవ్వలేదు. కవరు వంక, ముక్క వంక చూసి, "పోవాల్నని గదా పెట్టింది," అని తనలో తనే అనుకుంది. ముక్కను వట్టిగా మట్టిలో కప్పింది. కవరు మడిచి నడుముకు దోపుకుంది.

చెట్లు పీకాక ఆ నాలుగు బెడ్లను షీటుతో సహా దున్నించాం. వానలు పడ్డాక అత్తమ్మ చేన్లోకి దిగింది. పాత బెడ్లలో ఏరేసరికి వెండి ముక్కలతో కొంగు నిండింది. అవి గోనెసంచిలో పోసి నా నాలుగు బెడ్లలో కూర్చుంది. నేను ఈ చివర నిలబడ్డాను. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పెళ్లలు చిదుముతూ వచ్చింది. ఒక్కచోట నల్లటి పొర కనబడితే రెండు వేళ్లతో నలిపింది. పిండైంది. మోటరు పక్కకు పోయి రాయి కింద మోచేతి లోతు తవ్వింది.

"పోయింది," అంది. ఏదైనా పోతే ఆమె ముఖం అంత వెలగడం నేనెప్పుడూ చూడలేదు.

లేవడానికి చెయ్యి చాచింది. పట్టుకుని లేపాను. చేతికంటిన మట్టి దులుపుకుంటూ అడిగింది:

"ఈసారి ఎన్ని బెడ్లకు తెస్తవ్?"