స్కానింగ్ గది ముందు మూడు నెలలు

ఉదయం ఆరు నలభైకి వరంగల్‌లోని ఒక ప్రభుత్వ దవాఖాన గేటు దగ్గర రిపోర్టు చేశాను. మే నెల. అప్పటికే చొక్కా వీపుకు అతుక్కుంది. పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసి సుబేదారి ప్రాంతంలో ఇంటిపట్టున ఉన్న నాకు దొరికిన మూడు నెలల సెక్యూరిటీ డ్యూటీ ఇది. చేతికిచ్చినవి లాఠీ, విజిల్, వాకీటాకీ. ఆర్డరు ఒకటే: ఎనిమిదికల్లా స్కానింగ్ గది ముందు వరండా శుభ్రంగా ఉండాలి.

వరండాలో మనిషి లేడు. తలుపు నుంచి గోడ దాకా చెప్పులు, నీళ్ల సీసాలు, ఒక తువ్వాల. ఈ జనానికి బుద్ధి లేదనుకున్నాను. అన్నీ ఎత్తి మూలన కుప్ప పోశాను. పది నిమిషాల్లో పని అయిపోయిందని మురిసిపోయాను కూడా.

గేటు దగ్గరున్న మాజీ హవల్దారుకు వాకీటాకీలో చెప్పాను.

"వరండా క్లియర్. చెప్పులు, సీసాలు అన్నీ తీసేసిన. ఓవర్."

"అరె, ఎంత పని జేసినవే! అది చెత్త గాదు, లైను! పొద్దుగాల వచ్చి పెట్టుకుంటరు. జల్ది సర్దు!"

ఎలా సర్దాలి? ఏది ముందో ఏది వెనకో నాకేం తెలుసు? చాయ్ తాగడానికి వెళ్లినవాళ్లంతా ఎనిమిదికి తలుపు మీద పడ్డారు. నా విజిల్‌ను ఎవరూ లెక్కచేయలేదు.

రఘునాథపల్లి నుంచి వచ్చిన ఒక కూలీ మనిషి నా చెయ్యి పట్టుకుంది. ఆమె భర్తకు కిడ్నీలో రాయి.

"సారూ, మాది మూడో నంబరు. ఆయన నిలవడలేడని బయట పండవెట్టిన. ఇయ్యాల స్కానింగ్ అయితెనే రేపు ఆపరేషన్. లేకుంటె మళ్ల వారానికే."

నిలబడగలిగినవాళ్లు ముందుకు చేరారు. ఆయన వంతు చివరికి పోయింది.

ఒంటిగంటకు టెక్నీషియన్ లేచాడు. ఇంకొక్కరే ఉన్నారని బతిమాలాను.

"అన్నా, జర అర్థం జేస్కో. రెండింటికి ఇంకో దవాఖానల డ్యూటీ. రెండిట్ల నేనొక్కన్నే. మిషన్ దినమంత నడుస్తది, నడిపెటోళ్లే లేరు."

అతని మీద కోపం రాలేదు. నా మీద నాకే వచ్చింది. ఆ కూలీ మనిషి తిట్టినా బాగుండేది. "నువ్వు కొత్తగ వచ్చినవ్, నీకేం ఎరుక," అంది.

మర్నాడు ఆమె భర్తనే మొదట లోపలికి పంపాను. ఆపరేషన్ మాత్రం వారం తర్వాతే అయింది. ఆ వారం ఆయన పడ్డ నొప్పి నా వల్లే. ఆ తర్వాత రోజూ ముందే వెళ్లి, నంబర్లు రాసిన చీటీలు నా చేత్తో పంచాను.

మూడు నెలల డ్యూటీ ముగించి ఇంటికొచ్చాను. సరిహద్దులో చాలా చూశాను, చాలా మరిచిపోయాను. ఇది మాత్రం పోదు: ఆ మొదటి రోజు టెక్నీషియన్ వెళ్లిపోయాక, ఏసీ చల్లదనం ఇంకా తగ్గని గదిలో బాగున్న మిషను, ఖాళీ మంచం. తలుపుకు ఇవతల, నేల మీద, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఆయన. తాళం వేసింది నేను.