‘అంట’ లేకుండా చెప్పిన సినిమా

మా ప్యాకింగ్ సెక్షన్‌లో సినిమా కథలు చెప్పే పని నాది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. కాజీపల్లిలో ఒక మందుల కంపెనీ. పొడవాటి బల్లకు అటూ ఇటూ పన్నెండు మంది ఆడవాళ్ళం, తలకు టోపీలు, ముక్కుకు గుడ్డలు. చేతులు సీసాలకు లేబుళ్ళు అంటిస్తుంటాయి, చెవులు ఖాళీ. సూపర్‌వైజర్ అటు తిరగగానే ఎవరో ఒకరు “ఇగ షురూ చెయ్యి” అనేవారు. నాకు కుదురుగా ఉండడం చేతకాదు. ఇంట్లో కూర్చున్నా కాలు ఊపుతూనే ఉంటాను. కథ చెబుతున్నంతసేపే ఆ కాలు ఆగేది.

కథ చెప్పడానికి మాకొక పద్ధతి ఉండేది. ప్రతి వాక్యం చివరా ‘అంట’ రావాలి. వచ్చిండంట, చూసిండంట, చంపిండంట. ‘అంట’ ఉంటే అది సినిమా, లేకపోతే మన గల్లీ ముచ్చట. ఇది ఎవరూ నేర్పలేదు, అందరికీ తెలుసు.

ఆ చలికాలం ఒక ఆదివారం మా ఆయన కిరాయికి సీడీ తెచ్చాడు. ఇంగ్లీషు సినిమా, హిందీ మాటలు. నూరేళ్ళకు పైబడిన లండన్ కథ. గుర్రపు బండ్లు, గ్యాసు దీపాలు, మనిషికి మనిషి కనబడని పొగమంచు. పొడుగు టోపీ వాడొకడు ఒంటరిగా నడిచే పేద ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చంపుతుంటాడు. తీసినవాడు ఎంత షోకుగా తీశాడంటే, కత్తి కనిపించదు, నెత్తురు కనిపించదు. తెల్లటి చేతి తొడుగు ఒకటి మెరుస్తుంది, ఎర్ర అస్తరు వేసిన కోటు అంచు తడి రాళ్ళ మీదుగా జరిగిపోతుంది, అంతే. చచ్చినవాళ్ళ మొహాల కన్నా చంపినవాడి బట్టలే ఎక్కువ చూపించారని నాకు ఒళ్ళు మండింది. మండుతూనే రెప్ప వేయకుండా చూశాను. ఆఖరికి వాడు దొరకడు. ఇలాంటి హత్యలు నిజంగానే జరిగాయని, చేసిందెవరో ఇప్పటికీ తేలలేదని తెర మీద రాతలు వస్తే మా ఆయన చదివి చెప్పాడు.

మర్నాడు బల్ల దగ్గర ఈ కథే ఎత్తుకున్నాను. కానీ ‘అంట’ అడ్డం వస్తోంది. అది అన్న ప్రతిసారీ సగం భయం చల్లారిపోతోంది. అందుకని తీసి పారేశాను. “పొద్దుగాల్ల పొగల ఒక్కతే నడుచుకుంట పోతున్నది. ఎనక బూట్ల సప్పుడు. తిరిగి సూసింది, ఎవ్వలు లేరు” అన్నాను, పక్క సందులో నేనే నిలబడి చూసినట్టు. లండన్ పేరు కూడా నోటికి రాలేదు. పొగ మాకు మాత్రం తక్కువా? చలికాలం పొద్దున్నే చిమ్నీల పొగ పైకి లేవక, మంచుతో కలిసి నేల మీదే పచ్చగా కూర్చునేది. కళ్ళు మండేవి. బల్ల మీద చేతులన్నీ ఆగిపోయాయి. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

సరిగ్గా అప్పుడే, బట్టలు మార్చుకుని ఆలస్యంగా వచ్చి కూర్చుంది మా బస్తీ ఆమె. చుట్టం కాదు గానీ వదినా అని పిలిచేదాన్ని. భర్త లేడు, టెన్త్ చదివే కూతురు ఒక్కతే. కథ మొదలు ఆమె వినలేదు. “దొరికిండా వాడు?” అని అడిగింది.

“ఇంకా దొరకలే” అన్నాను.

నాలుగు రోజులకు పొద్దున, బడివేళ దాటాక ఆ పిల్ల వాకిట్లో గిన్నెలు తోముతూ కనిపించింది. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. పొద్దున ఏడున్నరకే స్పెషల్ క్లాసులు, బడికి మైలున్నర నడక. “బడికి పోలేదా?” అంటే తల ఎత్తకుండానే చెప్పింది: “అమ్మ పోవద్దన్నది అత్తా. ఎవడో ఆడోళ్ళను సంపుతున్నడంట. నువ్వే చెప్పినవంట.”

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినేవాళ్ళను లోకువ కట్టి నేనేం చేశానో అప్పుడు తెలిసింది. ఆ పూటంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. లేబుళ్ళు తలకిందులుగా అంటించి తిట్లు తిన్నాను. చివరికి అన్నం గంటలో వదినను పట్టుకున్నాను.

“అది సిన్మా వదినా, తెల్లోళ్ళది. ఒట్టు.”

“సిన్మా అయితే హీరో ఎందుకు పట్టుకోలే?” అంది. “ఏ సిన్మల దొరకకుంట పోయిండు చెప్పు. దొరకలే అంటె నిజమే.”

బల్ల బల్లంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మాకు తెలిసిన సినిమాల్లో విలన్ దొరకనిదే ‘శుభం’ పడదు మరి.

మళ్ళీ ఆదివారం అదే సీడీ అడిగి తెప్పించి, మధ్యాహ్నం తల్లీకూతుళ్ళిద్దరినీ మా గదిలో కూర్చోబెట్టాను. గుర్రపు బండ్లు చూపించాను, గౌన్లు చూపించాను. “ఇది మన కాజీపల్లా? చెప్పు” అన్నాను. వదిన చివరిదాకా చూసి, కొంగు దులుపుకుని లేచింది. “సూసినవా, దొరకనే లేదు” అని వెళ్ళిపోయింది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పిల్ల వెళ్ళలేదు. సీడీ వాపసు ఇవ్వడానికి నేను బయల్దేరితే వెంట నడిచింది. కొట్టు ఇంకా దూరం ఉండగానే ఆగింది.

“సిన్మా అని అమ్మకు ఎర్కే అత్తా.”

“మరి?”

“నీళ్ళ ట్యాంకరాయన నేను పోయేటప్పుడు బండి మెల్లగ చేసి ఎనకనే వస్తడు. ఎక్కు, దించుత అంటడు. మొన్న దిగి చెయ్యి పట్టి గుంజిండు. ఇడిపించుకొని ఉరికొచ్చిన. అమ్మకు చెప్పిన.”

నా చేతిలో సీడీ కవరు నలిగిపోయింది. ఆ ట్యాంకరాయన నాకు బాగా తెలుసు. మా బోర్ల నీళ్ళు ఎర్రగా, మందు కంపు కొడుతూ వచ్చేవి, నోట్లో పెట్టుకునేటట్టు ఉండేవి కావు. రోజు విడిచి రోజు అతను తెచ్చే నీళ్ళే మా బస్తీకి దిక్కు. అతనికి కోపమొస్తే ముందు వేరే ఊళ్ళు తిరిగి, మా దగ్గరికి అడుగూ బొడుగూ తెచ్చేవాడు.

నేరుగా వదిన ఇంటికి పోయాను. “నాకెందుకు చెప్పలే?” అని అరిచాను. ఆమె తలుపు దగ్గరికి వేసింది.

“ఎవలకు చెప్పాలె? చెప్తె రెండు రోజులు నీళ్ళు బంద్. బస్తి మొత్తం నా మీదికొస్తది. పిల్లనే ఏదో చేసిందంటరు. బడికి ఎందుకు పంపుతలేవని అందరు అడుగుతున్నరు, ఏదో ఒకటి చెప్పాలె గద. నీ సిన్మాల వాడైతె ఎవ్వలకు కోపం రాదు.”

ఆమెను అమాయకురాలనుకుని ఇన్ని రోజులు జాలిపడ్డాను. అమాయకురాలిని నేనే. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

“పిల్లను పంపు. నేను తోలుకపోత” అన్నాను. మా డ్యూటీ ఎనిమిదింటికి. మర్నాటి నుంచి పిల్లను బడి గేటు దాకా దింపి, అక్కణ్ణించి ఉరుకులు పరుగుల మీద కంపెనీకి పోయేదాన్ని. వారం తర్వాత బల్ల దగ్గరి వాళ్ళు ఇద్దరు కలిశారు. పిల్లకు లండన్ వాడి భయమని వాళ్ళకు చెప్పాను. నమ్మారో లేదో, వాళ్ళూ ఏమీ అడగలేదు. పొగలో నలుగురం చేతులు పట్టుకుని నడిచేవాళ్ళం. వెనక ట్యాంకర్ చప్పుడు వినిపిస్తే నా వేళ్ళు బిగుసుకునేవి. అది హారన్ కొట్టి దాటిపోయేది. పిల్ల ఒక్క పరీక్ష కూడా తప్పకుండా రాసింది. పాసైంది.

పాసైన మర్నాడు నీళ్ళ రోజు. వదిన లడ్డూల డబ్బా పట్టుకుని వరసలో ఉన్న అందరికీ పంచుతోంది. ట్యాంకరాయన పైపు పట్టుకుని నిలబడి, “పిల్ల పాసైంది గద వదినా, నాకేది మిఠాయి?” అన్నాడు. నవ్వుతున్నాడు. వదిన కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఒక లడ్డూ తీసి అతని చేతిలో పెట్టింది. వాకిట్లో నిలబడిన పిల్ల అది చూసి లోపలికి పోయింది.

అతను చేసిందంతా నోటి దాకా వచ్చింది నాకు. చూసినట్టు చెప్పగలను, జనం చేతులు ఆగిపోయేలా చెప్పగలను. అందరూ అక్కడే ఉన్నారు, మొగవాళ్ళతో సహా. అతను లడ్డూ తిని, చేయి ప్యాంటుకు తుడుచుకుని పైపు నా వైపు తిప్పాడు. వరసలో తర్వాతి బిందె నాది.

“జెర నిండ పట్టన్నా” అన్నాను.